గోడ ఎవరిది? - యాక్రిలిక్ రంగుల చరిత్ర

చిత్రకళా చరిత్ర రాసేవారు శైలుల గురించి రాస్తారు, చిత్రకారుల జీవితాల గురించి రాస్తారు. రంగు దేనితో తయారైంది, ఎవరి అవసరం దాన్ని ముందుకు తెచ్చింది అన్న ప్రశ్నను మాత్రం రంగుల దుకాణానికి వదిలేస్తారు. ఉత్పత్తి సాధనాలను పక్కనపెట్టి కళను అర్థం చేసుకోలేమని నమ్మేవాణ్ణి కనుక, యాక్రిలిక్ రంగు చరిత్రను ఆ దృష్టితో పరిశీలించదలచాను.

యాక్రిలిక్ పదార్థాల మీద జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆటో రోమ్ 1901లోనే పరిశోధనా వ్యాసం సమర్పించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పదార్థమే యుద్ధవిమానాల కిటికీలైంది. చిత్రకారుడి కుంచెను చేరడానికి మాత్రం దానికి అర్ధశతాబ్దం పట్టింది. ప్రయోగశాలలోని వస్తువు కళలోకి రావాలంటే కళలో దాని అవసరం పుట్టాలి. ఆ అవసరం బలంగా తలెత్తిన చోటు మెక్సికో.

1910లో మొదలైన విప్లవం తర్వాత మెక్సికో చిత్రకారులు సంపన్నుల హాళ్ళను వదిలి ప్రజాభవనాల గోడలు పట్టారు. తడి సున్నం మీద వేసే ఫ్రెస్కో, పూత ఆరేలోగా ముగించాల్సిన పని. అవిసెనూనె రంగు ఆరడానికి రోజులూ వారాలూ కావాలి. పోనుపోను పసుపుబారుతుంది, పగుళ్ళిస్తుంది. కమ్యూనిస్టు చిత్రకారుడు డేవిడ్ ఆల్ఫారో సికేరోస్ 1932లో లాస్ ఏంజెలెస్‌లో సిమెంటు గోడ మీద, రంగు చిమ్మే యంత్రంతో 'అమెరికా ట్రాపికల్' వేశాడు. 1936లో న్యూయార్క్‌లో ప్రయోగ కార్యశాల నడిపి, కార్లకు పూసే డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ రంగును వాడాడు. 1939-40లో మెక్సికో నగరంలోని విద్యుత్ కార్మిక సంఘ భవనంలో, మెట్ల చుట్టూ ఉన్న గోడల మీద, ఆయన బృందం ఆ కోవ రంగుతోనే ఫాసిజాన్నీ, యుద్ధాన్నీ, నాణేలుగా మారే నెత్తురునూ చిత్రించింది. కారు ఫ్యాక్టరీలో కార్మికుడు పట్టిన పనిముట్టే కార్మికుడి కథ చెప్పింది.

కాని డ్యూకో వాసన ఘాటు, నిప్పు తగిలితే ప్రమాదం. 1945 నుంచి హోసే గుటియెర్రెజ్ మెక్సికో జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో కృత్రిమ రంగుల మీద ప్రయోగాలు సాగించాడు. అమెరికాలో టర్పెంటైన్‌తో పలచన చేసుకునే మాగ్నా 1940ల చివర వచ్చింది. 1953లో రోమ్ అండ్ హాస్ కంపెనీ ఇళ్ళ గోడల పెయింట్ల కోసం నీటితో కలిసే యాక్రిలిక్ తయారుచేసింది. రెండు మూడేళ్ళలో అలాంటిదే లిక్విటెక్స్ పేర చిత్రకారులకు అందింది. ఇందులో ప్లాస్టిక్ సూక్ష్మకణాలు నీటిలో తేలుతుంటాయి. నీరు ఆవిరైతే అవి ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి. ఆ పొర మళ్ళీ నీటికి కరగదు.

గోడల కోసం వెతికిన రంగు, తీరా దొరికాక, చాలావరకు గ్యాలరీ కాన్వాసుకే చేరింది. మారిస్ లూయిస్ మాగ్నాతో మనిషి జాడలేని వర్ణప్రవాహాలు పోశాడు. డేవిడ్ హాక్నీ లాస్ ఏంజెలెస్ ఈతకొలనులను యాక్రిలిక్‌తో చిత్రించాడు. 1972లో ఆయన వేసిన ఈతకొలను చిత్రం ఒకటి 2018 వేలంలో 9 కోట్ల డాలర్లు దాటింది. అవి గొప్ప చిత్రాలు కావని నేననను. సికేరోస్ కూడా ఈ వైరుధ్యానికి అతీతుడు కాడు. 1971లో ఆవిష్కరించిన ఆయన మహాకుడ్యచిత్రం 'మానవజాతి ప్రస్థానం' యాక్రిలిక్‌తో వేసిందే. దానికి డబ్బు పెట్టింది ఒక హోటల్ యజమాని.

అందువల్ల కొత్త పనిముట్టే కొత్త కళను తెస్తుందన్న మాటను నేను సగమే ఒప్పుకుంటాను. 'అమెరికా ట్రాపికల్' మధ్యలో శిలువకు కట్టిన ఆదివాసీ, పైన అమెరికా డేగ. ఆ గోడ కార్మికులది కాదు. వీధిలోకి కనిపించే భాగానికి కొద్దికాలంలోనే తెల్లరంగు పూయించారు, తర్వాత మొత్తానికీ పూయించారు. జనం దాన్ని మళ్ళీ చూడడానికి 2012 దాకా ఆగవలసివచ్చింది. విద్యుత్ కార్మికుల మెట్ల మీది చిత్రం మాత్రం నేటికీ అక్కడే ఉంది.

రంగు ఎన్నాళ్ళు మన్నుతుందో రసాయన శాస్త్రం చెప్పగలదు. బొమ్మను ఎన్నాళ్ళు ఉండనిస్తారో తేల్చేది గోడ యాజమాన్యమే.