క్షణంలో మాయమయ్యే అణువుల వేగం కొలిచిన వైనం

మన సంఘం ప్రత్యేక సంచికకు విజ్ఞాన విషయమేదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నాకు వెంటనే గుర్తుకు వచ్చిన పేరు ఆచార్య పుచ్చా వెంకటేశ్వర్లుగారిది.

మొగుడంపల్లి నుంచి జహీరాబాదు వెళ్ళి బొంబాయి రోడ్డు మీద నిలబడితే లారీల పొగ ముఖాన కొడుతుంది. ఆ ఇంజన్లలో మంటను నడిపేవి స్వేచ్ఛా ప్రాతిపదికలు, అనగా అణువుల తునకలు. సెకనులో వెయ్యోవంతు గడవకముందే మరొకదానితో కలిసి మాయమవుతాయి.

వాయువులో ఇవి విడిగా ఉంటాయని 1929లో జర్మనీలో పానెత్ చూపారు. సీసపు సమ్మేళనం ఆవిరిని గాజుగొట్టంలో వేడిచేస్తే లోపలి గోడకు సీసం అద్దంలా పట్టింది. ఆవిరి వచ్చే దారిలో ఇంకాస్త ముందు వేడిచేస్తే, ఆ పాత అద్దం కరిగిపోయింది. విడివడిన మిథైల్ తునకలే దానిని తినివేశాయి. ఉనికి తెలిసింది సరే, వేల డిగ్రీల వేడిలో వాటి వేగం కొలిచేదెట్లా? మామూలు కొలిమిలో వాయువు వేడెక్కేలోపే అంతా అయిపోతుంది.

1899లో ఫ్రాన్సులో వియేయ్ నిర్మించిన ఆఘాత గొట్టం ఇందుకు అక్కరకు వచ్చింది. నడుమ పలుచని రేకు. ఒకవైపు అధిక పీడనంలో హీలియం, రెండోవైపు పరీక్షించవలసిన వాయువు. రేకు పగలగానే ఆఘాత తరంగం దూసుకుపోయి, సెకనులో పదిలక్షలవంతు కాలంలోనే వాయువును వేయి, రెండువేల డిగ్రీలకు చేరుస్తుంది. ఆ వేడి నిలిచేది ఒకటి రెండు మిల్లీసెకన్లే. క్వార్ట్‌జ్ కిటికీ గుండా కాంతిని పంపి, ప్రాతిపదిక ఎంత కాంతి మింగుతున్నదో నమోదు చేస్తే చర్యావేగం తేలుతుంది.

అయితే ఏ ప్రాతిపదిక ఏ కాంతిని మింగుతుందో ముందు తెలియాలి కదా! ఇక్కడే మన తెలుగువారి పాత్ర. ఒక కార్బన్, రెండు ఫ్లోరిన్ పరమాణువులు గల ప్రాతిపదిక వెలువరించే అతినీలలోహిత పట్టీలను గురించి 1950లో 'ఫిజికల్ రివ్యూ' పత్రికలో వెంకటేశ్వర్లుగారు వ్రాశారు. వెలువరించే కాంతినే మింగడం కూడా వాటి స్వభావం. 1965లో అమెరికాలో మోడికా, లాగ్రాఫ్ టెఫ్లాన్‌కు ముడిసరుకైన వాయువును ఆఘాత గొట్టంలో విడగొట్టి, ఈ ప్రాతిపదిక మింగే కాంతిని బట్టి చర్యావేగం లెక్కగట్టారు. మన అట్లపెనం మీద అంటుకోకుండా వేసే పూత ఆ టెఫ్లానే.

వెంకటేశ్వర్లుగారు తరువాత కాన్పూరు ఐ.ఐ.టి.లోను, అమెరికాలోని అలబామాలోను బోధించారు. నేడు ఇంజన్ల పొగ తగ్గించే లెక్కలన్నీ ఇటువంటి కొలతల మీదనే నిలిచి ఉన్నాయి. కొలిచినవారినే కాక, కొలతకు దారి చూపినవారిని కూడా మన మనుమలకు పరిచయం చేయడం పెద్దలుగా మన బాధ్యత.