ఫతే మైదాన్‌లో బంగ్లా బోణీ

మే 17. హైదరాబాదు వాళ్లకే గుర్తులేని తేదీ, మా పెద్దపంజాణిలో ఎవరికి గుర్తుంటుంది? 1998లో ఆ రోజే బంగ్లాదేశ్ తన మొట్టమొదటి వన్డే గెలిచింది. అదీ మన ఫతే మైదాన్‌లో, అంటే లాల్ బహదూర్ స్టేడియంలో.

ముందు చరిత్ర, నాలుగు ముక్కల్లో. తొలి అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ ఆడింది ఇంగ్లండూ కాదు, ఆస్ట్రేలియా కాదు. 1844లో న్యూయార్కులో అమెరికా, కెనడా ఆడాయి. ఆ తర్వాత నూరేళ్ల పైచిలుకు చిన్న దేశాలను పట్టించుకున్న నాథుడు లేడు. 1965లో అసోసియేట్ సభ్యత్వం, 1979లో ఐసీసీ ట్రోఫీ వచ్చాయి. పలమనేరులో గెలిచిన టీం చిత్తూరుకు పోయినట్టు, ఇందులో పైకొచ్చిన జట్టుకు ప్రపంచకప్పులో చోటు. 1996లో ఆసియా చిన్న జట్ల కోసం ఏసీసీ ట్రోఫీ పెట్టారు. కౌలాలంపూర్‌లో జరిగిన ఆ మొదటి టోర్నీ బంగ్లాదేశ్‌దే.

మరుసటి ఏడు అదే ఊళ్లో ఐసీసీ ట్రోఫీ ఫైనల్. కెన్యా 241 కొడితే అందులో స్టీవ్ టికోలోవే 147. వానతో ఆట రెండో రోజుకు జారింది. బంగ్లాదేశ్ లక్ష్యం 25 ఓవర్లలో 166. ఆఖరి ఓవర్లో 11 కావాలి. మొదటి బంతికే ఖాలెద్ మసూద్ సిక్సర్! చివరి బంతికి ఒక్క పరుగు మిగిలింది. హసీబుల్ హుస్సేన్ బ్యాటును తప్పించుకున్న బంతి ప్యాడుకు తగిలింది. ఇద్దరూ పడుతూ లేస్తూ పరుగెత్తారు. ఒక దేశపు క్రికెట్ రాత మార్చింది ఓ లెగ్‌బై.

ఏడాది తిరిగాక హైదరాబాదులో మళ్లీ అవే జట్లు, ముక్కోణపు సిరీస్‌లో. అప్పటిదాకా బంగ్లాదేశ్ ఆడిన వన్డేలు 22, ఓడినవీ 22. కెన్యా అప్పటికే వెస్టిండీస్‌ను పుణెలో మట్టికరిపించిన జట్టు. ఆరోజు 236కే చాప చుట్టేసింది. మూడు వికెట్లు తీసిన ఎడమచేతి స్పిన్నర్ మహమ్మద్ రఫీక్, చెమటారకముందే ప్యాడ్లు కట్టుకుని ఓపెనింగ్‌కు దిగాడు. కోచ్ గార్డన్ గ్రీనిడ్జ్. ప్రపంచంలోని గొప్ప ఓపెనర్లలో ఒకరైన ఆ మనిషి ఓపెనర్‌గా ఓ స్పిన్నర్‌ను నమ్ముకోవడం నాకు భలే ముచ్చటేస్తుంది. రఫీక్ 77, అథర్ అలీ ఖాన్ 47. ఇంకేముంది, ఆరు వికెట్ల గెలుపు. అదే సిరీస్‌లో పదకొండు రోజులకు గ్వాలియర్‌లో కెన్యా మన ఇండియానే ఓడించింది. ఆ సంగతి మనం అంత తేలిగ్గా తలుచుకోం లెండి.

ఇక్కణ్నుంచి కథ వరస తప్పింది. బంగ్లాదేశ్‌కు 2000లో టెస్టు హోదా దక్కింది. 2003 ప్రపంచకప్ సెమీస్ దాకా వెళ్లిన కెన్యా 2014లో వన్డే హోదానే పోగొట్టుకుంది. 2019లో ప్రపంచకప్పును పది జట్లకు కుదించి, అదే ఏడాది సభ్య దేశాలన్నిటి టీ20లకూ అంతర్జాతీయ ముద్ర వేశారు. 2023లో హరారేలో, ప్రపంచకప్ క్వాలిఫయర్‌లో వెస్టిండీస్ మీద 375 ఛేదనలో నెదర్లాండ్స్ తరఫున 111 బాదింది ఎవరనుకున్నారు? విజయవాడలో పుట్టి ఆక్లండులో పెరిగిన నిడమానూరు తేజ. మ్యాచ్ టై, సూపర్ ఓవర్ నెదర్లాండ్స్‌ది. అక్టోబరులో ప్రపంచకప్పులో, ఉప్పల్‌లో, తను పెరిగిన న్యూజిలాండ్ మీదే ఆడి, 21 దగ్గర రనౌటయ్యాడు. ఆ ప్రపంచకప్పుకు వెస్టిండీస్ రానే లేదు. మరుసటి నెల ఆఫ్రికా క్వాలిఫయర్‌లో జింబాబ్వేను ఉగాండా ఓడించి టీ20 ప్రపంచకప్పుకు వెళ్లింది. కెన్యా కూడా ఆ క్వాలిఫయర్‌లోనే ఆడి, ఉత్త చేతులతో తిరిగెళ్లింది.