పాపికొండల వేటలో తుపాకీ బలం: మందు నుంచి తూటా దాకా

గోదావరి పాపికొండల మధ్య సన్నబడి ప్రవహించే చోట, రెండు గట్ల మీదా పెరిగిన అడవిని ఇంగ్లీషు దొరలు 'బైసన్ హిల్స్' అన్నారు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద అచ్చువేసిన పుస్తకానికీ ఆ పేరే ఎక్కింది. దొరలు బైసన్ అన్నది మన అడవిదున్నని. ఎదిగిన మగదున్న భుజం దగ్గర ఆరడుగులు ఉంటుంది, బరువు టన్ను దాకా తూగుతుంది. దాని భుజం ఎముకా, మెడ మీది కండా దాటి గుండెకాయను చేరేదే ఆ అడవిలో పనికొచ్చే గుండు. నాలుగంగుళాలు దిగి ఆగిపోయిన గుండు దున్నను చంపదు. పుండు చీము పట్టి, రోజుల తరబడి తిరిగి, ఏ వాగులోనో అది పడిపోతుంది. వేటగాడికి మాంసం దక్కదు, జంతువుకు మంచి చావూ దక్కదు. గుండు బలం ఎంతో ముందే తెలుసుకోవాలన్న తాపత్రయం ఇక్కడే పుట్టింది. ఆ పరీక్ష ఎవరి చేతిలో ఉండేది, ఎవరి చేతికి పోయింది అన్నదే ఈ వ్యాసంలో నేను పట్టుకున్న దారి.

కోయలకూ కొండరెడ్లకూ మొదటి ఆయుధం విల్లంబులే. తర్వాత వచ్చింది నాటు తుపాకీ. దాన్ని నింపడం చూస్తే దాని బలాబలాలు రెండూ తెలుస్తాయి. గొట్టాన్ని నిట్టనిలువుగా పట్టుకుని ముందు మందు పోస్తారు. దాని మీద గుడ్డపీలికో నారో వేసి, ఇనుప కడ్డీతో దట్టిస్తారు. ఆపైన సీసపు గుండు, అది జారిపోకుండా మళ్ళీ నార. మందు ఎక్కువైతే గొట్టం చీలి కాల్చినవాడి చెయ్యే పోతుంది, తక్కువైతే గుండు తోలు దగ్గరే ఆగుతుంది. వానాకాలంలో చెమ్మ తగిలితే అసలు అంటుకోదు. నల్లమందుకు కావలసినవి సురేకారం, గంధకం, బొగ్గు. గంధకం సంతలో దొరికేది, బొగ్గు అడవిలో ఉండనే ఉంది, సురేకారం పాత గోడల మట్టి నుంచి తీసేవాళ్ళు. మంచి మందు తెల్లకాగితం మీద పోసి అంటిస్తే మసి పెద్దగా మిగల్చకుండా భగ్గున పోతుందని మందు నూరే వాళ్ళందరికీ తెలుసు. నూరేవాడూ, దట్టించేవాడూ, కాల్చేవాడూ ఒకే ఊరివాళ్ళు, చాలాసార్లు ఒకే మనిషి. గుండు ఎంత లోతుకు దిగుతుందో తన చేతులతో తానే పరీక్షించుకున్నవాడు అతను. ఆ పరీక్ష మోటుదే కావచ్చు, కానీ అది అతని సొంతం.

1857 తర్వాత దొరతనం తుపాకీని ఊళ్ళలో ఉంచడానికి భయపడింది. లిట్టన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన 1878 ఆయుధాల చట్టం భారతీయుడు తుపాకీ పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలంది, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. ఆ మరుసటి ఏడే రంప పితూరి. కల్లు మీద చిగురు పన్ను, మునసబుదారు దౌర్జన్యం, పోలీసుల జులుం కొండవాళ్ళను తిరగబడేలా చేశాయి. అడవిదున్నల కోసం దట్టించిన తుపాకులే పితూరిలోనూ పేలాయి.

అప్పటికి బయటి ప్రపంచంలో తుపాకీ మారిపోతోంది. మందూ, గుండూ, అంటించే క్యాపూ ఒకే ఇత్తడి డొప్పలో బిగించిన తూటా వచ్చింది. నా అంచనాలో కొండల వేటలో అసలు మలుపు ఇదే. మందు ఊళ్ళో నూరుకోవచ్చు, తూటాను ఊళ్ళో చేసుకోలేం. బలం పెరిగింది, వానలో తడిసినా పేలింది, క్షణాల్లో మళ్ళీ నింపగలిగారు. కానీ దాని తయారీ, పరీక్ష, పంపకం మూడూ కార్ఖానాకూ సర్కారు కొట్టుకూ వెళ్ళిపోయాయి.

దీని భారం ఎంతదో 1922 చెబుతుంది. అల్లూరి సీతారామరాజు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చిక్కాయి. ఆ దాడుల్లో రాజూ, అతని అనుచరులూ వెతికింది తూటాల కోసమే అనుకోవడం న్యాయం. తుపాకీ ఒకసారి చిక్కితే చాలు, తూటాలు మాత్రం ఖర్చవుతూ పోతాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో ఇద్దరు బ్రిటిషు అధికారులు కూలిపోయారు. సర్కారు మలబార్ పోలీసునూ, అస్సాం రైఫిల్స్‌నూ దింపింది. 1924 మేలో కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపేదాకా ఆ వేట సాగింది.

దొరల శిబిరంలో తూటా బలం మీద చర్చ వేరే తీరుగా నడిచింది. ఏనుగు మీది అంబారీ పైకి పులి దూకితే చివరి క్షణంలో కాల్చడానికి పందొమ్మిదో శతాబ్దంలో 'హౌదా పిస్టల్' వాడారు: పొట్టి రెండు గొట్టాలు, లావైన గుండు. దాన్ని వేట తుపాకీ అనడం కంటే ప్రాణం దక్కించుకునే సాధనం అనడం సబబు. సైన్యం 1887లో చేపట్టిన .455 వెబ్లీ రివాల్వర్‌దీ అదే సంగతి. 17 గ్రాముల పెద్ద గుండు, నెమ్మదిగా పోతుంది, బలం 300 జౌళ్ళకు అటూఇటూ. మనిషిని ఆపగలదేమో గానీ, దున్న చర్మం కింద ఆగిపోయే సరుకు అది.

.303 రైఫిల్ గుండు మనిషిని దాటిపోతోంది గానీ ఆపడం లేదన్న ఫిర్యాదు సరిహద్దు యుద్ధాల నుంచి వచ్చాక, కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధశాలలో కొన మెత్తగా ఉండి, తగలగానే విచ్చుకునే గుండు చేశారు. 1899లో హేగ్ సమావేశం అలాంటి గుళ్ళను యుద్ధంలో వాడరాదంది. వెబ్లీకి తయారైన విచ్చుకునే గుండుకూ అదే గతి పట్టింది. విచ్చుకునే ఆ రకం గుండే వేటగాళ్ళకు మాత్రం అవసరంగా మిగిలింది. విచ్చుకునే గుండు జంతువును త్వరగా చంపుతుంది, చిన్న రంధ్రం చేసి దూసుకుపోయేది గాయపరిచి వదిలేస్తుంది. దున్నలాంటి భారీ జంతువుకు మాత్రం మళ్ళీ గట్టి గుండే కావాలి, ఎముక దగ్గరే విచ్చుకుంటే లోపలికి దిగదు. ఏ జంతువుకు ఏ గుండు అన్న లెక్క ఇలా తలకిందులవుతూ ఉంటుంది.

పెద్ద జంతువులకు దొరలు వాడే .450 బోరు రైఫిళ్ళను 1907లో సర్కారే భారత్‌లోనూ సూడాన్‌లోనూ ఆపేసింది. పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకీది కూడా అదే బోరు కావడంతో తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయని భయం. దాంతో లండన్ తుపాకీ తయారీదారులు .465, .470, .475 అంటూ కొత్త కొలతలు కనిపెట్టారు. .470 గుండు 32 గ్రాములు, బలం దాదాపు 7,000 జౌళ్ళు. పితూరుల భయం ఇంగ్లీషు తుపాకుల గొట్టం కొలతనే మార్చేసింది!

తూటాను కొలిచే పద్ధతీ అమెరికాలో మారుతూ వచ్చింది. 1904లో థాంప్సన్, లగార్డ్ అనే ఇద్దరు సైనికాధికారులు చికాగో కబేళాలో బతికున్న పశువుల మీద పిస్తోలు, రివాల్వర్ తూటాలు కాల్చి చూశారు. చదువుతుంటే ఒళ్ళు జలదరించే పరీక్ష అది. తర్వాత కాలంలో కండను పోలిన జెలటిన్ దిమ్మెలు వచ్చాయి. గుండు ఎన్ని అంగుళాలు దిగింది, ఎంత విచ్చుకుంది అన్నది వాటిలో కంటికి కనబడుతుంది. ఏ జంతువూ హింస పడనక్కరలేదు.

రివాల్వర్‌తో పెద్ద వేట ఆడవచ్చన్న ఆలోచన కూడా అక్కడే రూపు దిద్దుకుంది. ఐడహోకు చెందిన ఎల్మర్ కీత్ మందునూ గుండునూ స్వయంగా కొలిచి తూటాలు నింపుకుంటూ, ఇంకా బలమైనది కావాలని కంపెనీల వెంట పడ్డాడు. 1935లో .357 మాగ్నమ్, 1955లో .44 మాగ్నమ్ వచ్చాయి. రెండోదాని బలం 1,400 జౌళ్ళ పైచిలుకు. 2003లో వచ్చిన .500 స్మిత్ అండ్ వెసన్ తూటా 3,500 జౌళ్ళ దాకా ఇస్తుంది, అంటే పాత .470 రైఫిల్‌లో సగం. కీత్ నడిపింది మన కొండరెడ్డి నడిపిన పనే: తన చేతి మందు, తన గుండు, తన పరీక్ష. ఒకడికి దాన్ని కొనసాగించే వీలు దొరికింది, రెండోవాడికి చట్టం ఆ దారి మూసేసింది. ఈ తేడా నన్ను కలవరపెడుతుంది.

స్వతంత్రం వచ్చాక 1959 ఆయుధాల చట్టమూ 1878 చట్టం దారే పట్టింది. సైనిక, పోలీసు కొలతలైన .303, .38, 9 మిల్లీమీటర్లు పౌరులకు నిషిద్ధ బోరులు. అందుకే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు పాత ఆస్ట్రియా తూటా డొప్ప నుంచి పుట్టిన .315 తూటాకు సరిపడే స్పోర్టింగ్ రైఫిల్‌ను తయారుచేశాయి. లైసెన్సుతో దొరికే .32 రివాల్వర్ బలం 200 జౌళ్ళకు లోపే, దానితో దున్నను ఎదుర్కోవాలన్న ఊహే అర్థం లేనిది. ఇక వేట సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్ని జంతువులకు లైసెన్సు వేటను మిగిల్చింది, 1991 సవరణ దాన్నీ తీసేసింది. అడవిదున్న మొదటి షెడ్యూలులో ఉంది. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ ఉద్యానం అయ్యాయి. నేను ఈ నిషేధాన్ని నిస్సంకోచంగా సమర్థిస్తాను. దున్న మిగలడానికి అది ఒక్కటే దారి.

అయినా గుండు బలం ప్రశ్న ఇక్కడితో ముగిసిపోలేదు. విత్తనాల పండగ రోజుల్లో వేటకు వెళ్ళే ఆచారం ఏజెన్సీ గూడేల్లో ఉంది. నాటు తుపాకులు పేలి చేతులు పోగొట్టుకున్నవాళ్ళూ, పొలాల చుట్టూ పెట్టిన కరెంటు తీగలకు బలైన పశువులూ, పిండిలో దాచిన నాటు బాంబు కొరికి దవడ పగిలిన అడవిపందులూ ఇప్పటికీ వార్తల్లో కనబడుతూనే ఉన్నారు. ఇవన్నీ పరీక్ష లేని బలం, చంపేది తక్కువ, చిత్రవధ ఎక్కువ. వన్యప్రాణి చట్టంలోని 11వ సెక్షన్ కింద, పంటను పాడుచేసే అడవిపందిని కాల్చడానికి అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతి ఇచ్చే చోట, ఏ తుపాకీ, ఏ తూటా, ఎంత దూరం నుంచి అన్నది కూడా రాసి తీరాలని నా కోరిక.