సూది చెప్పిందే నిజమా?

మా హేతువాద మిత్రుల్లో ఒకాయనకి పాత విల్లీస్ జీపు ఉంది. దానికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టడు. పనిగట్టుకుని అమావాస్య నాడే ప్రయాణం పెట్టుకుంటాడు. అలాంటి మనిషి కొన్నేళ్ళ క్రితం దిగులుగా ఫోన్ చేశాడు.

"బండి ఆగి ఉండి ఇంజను తిరుగుతుంటే ఆయిల్ ప్రెషర్ మీటరు డెబ్భై చూపిస్తోందండీ. రోడ్డెక్కి స్పీడు పెంచితే నలభైకి పడిపోతోంది. పంపు నూనె అందించలేకపోతోంది, ఇంజను విప్పాలంటున్నాడు మేస్త్రీ. ఏం చెయ్యమంటారు?"

ఇంజన్ల గురించి నాకు తెలిసింది తక్కువ. అయినా సలహా ఇచ్చేశాను. "మనుషులు అబద్ధం చెబుతారు గానీ సూదికేం అవసరమండీ? విప్పించెయ్యండి" అన్నాను. విప్పించాడు. కొత్త పంపు, కొత్త బేరింగులు, కూలి అన్నీ కలిపి ఆయనకి నాలుగు నెలల పెన్షను ఖర్చయింది. తీరా ఇంజను బిగించి రోడ్డెక్కితే సూది ఈసారి ముప్ఫైకే దిగింది!

అదెలా జరిగిందో తెలియాలంటే ముందు ఆ సూది చరిత్ర కొంచెం చెప్పుకోవాలి.

ఒత్తిడిని అంకెల్లో కొలవడం 1643లో ఇటలీలో టారిసెల్లి పాదరసపు గొట్టంతో మొదలైంది. గాలి ఒత్తిడి 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెడుతుందని అప్పుడు తేలింది. తర్వాత ఆవిరి యంత్రాలొచ్చాయి. బాయిలర్లో ఒత్తిడి ఎంతుందో తెలియకపోతే ప్రాణాలు పోతాయి. కానీ చదరపు అంగుళానికి వంద పౌన్ల ఒత్తిడిని పాదరసంతో కొలవాలంటే అయిదు మీటర్లకు పైగా ఎత్తున్న గొట్టం కావాలి. కదిలే రైలింజను మీద అది అయ్యే పనేనా?

దీనికి మార్గం పారిస్‌లో యూజీన్ బూర్డోన్ అనే ఇంజనీరుకు దొరికింది. ఒక ఆవిరి యంత్రం కోసం తయారుచేస్తున్న మెలికల గొట్టం ఒకచోట నొక్కుకుపోయింది. దాన్ని సరిచేద్దామని ఒక చివర మూసి, లోపలికి ఒత్తిడితో నీళ్ళు పంపితే, సొట్ట పోతూ ఉంటే గొట్టం మెలిక కూడా విప్పుకోవడం మొదలెట్టింది. తిరనాళ్ళలో పిల్లలు ఊదే చుట్టల కాగితపు బూర విప్పుకున్నట్టన్నమాట. ఎంత ఒత్తిడికి అంత విప్పుకుంటుంది, ఒత్తిడి తీసేస్తే మళ్ళీ చుట్టుకుంటుంది. ఆ చివరకి ఓ చిన్న పళ్ళచక్రమూ సూదీ తగిలించి 1849లో పేటెంటు తీసుకున్నాడు. 1851 లండన్ ప్రదర్శనలో దానికి పతకం కూడా వచ్చింది. నేటికీ గ్యాస్ సిలిండర్ల మీదా, టైర్లకి గాలి కొట్టే చోటా కనిపించే సూది మీటర్లలో చాలావరకు ఉన్నది ఈ గొట్టమే.

ఇక కార్ల సంగతి. తొలి రోజుల్లో ఇంజన్లో నూనెకి ఒత్తిడే ఉండేది కాదు. 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టీలో తిరిగే భాగాలే నూనెను చిమ్మి పూసేవి. మీటరు లేదు. యజమాని కారు కింద ఉన్న రెండు చిన్న కుళాయిలు తిప్పి, నూనె ఏ మట్టంలో ఉందో చూసుకునేవాడు. పంపుతో ఒత్తిడి పెట్టి బేరింగులకి నూనె పంపే ఇంజన్లు వచ్చాకే మీటరు అవసరమైంది. రెండో ప్రపంచయుద్ధపు జీపులో ఇంజను నుంచి డాష్‌బోర్డు దాకా సన్నటి గొట్టం వచ్చేది, దాని చివర బూర్డోన్ మీటరు. నూనె ఒత్తిడే నేరుగా వచ్చి సూదిని తోసేది. మధ్యలో దళారీ ఎవడూ లేడు.

దళారీ కరెంటు రూపంలో వచ్చాడు. ఎలక్ట్రిక్ మీటర్లలో ఇంజను దగ్గర ఒక సెండర్ ఉంటుంది. ఒత్తిడి మారితే దాని నిరోధం మారుతుంది. డాష్‌బోర్డులోని మీటరు ఆ నిరోధాన్ని చూసి "ఒత్తిడి ఇంత" అని అనువదిస్తుంది. నూనె గొట్టం కారు లోపలికి తేనక్కర్లేదు, తెగి బట్టల మీద కారే గొడవా లేదు. కానీ అనువాదం అన్నాక ఇద్దరిదీ ఒకే నిఘంటువు అయి ఉండాలి కదా! అమెరికా పద్ధతి సెండరు ఒత్తిడి లేనప్పుడు 240 ఓమ్‌లు, పూర్తి ఒత్తిడిలో 33 ఓమ్‌లు చూపిస్తుంది. జర్మనీ వీడీవో పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. ఒత్తిడి లేనప్పుడు 10, పూర్తిగా ఉంటే 180.

మా మిత్రుడి జీపులో పాత గొట్టం మీటరు పాడైతే ఎవరో కొట్లో దొరికిన ఎలక్ట్రిక్ మీటరు పెట్టారు. మీటరు అమెరికా పద్ధతిది, సెండరు వీడీవో పద్ధతిది! ఒత్తిడి పెరిగితే సూది దిగుతుంది, తగ్గితే ఎక్కుతుంది. కొత్త బేరింగులతో ఒత్తిడి మెరుగైంది కాబట్టే సూది నలభై నుంచి ముప్ఫైకి దిగింది. బాగుపడ్డ కొద్దీ జబ్బు ముదిరినట్టు కనిపించిందన్నమాట.

మరో మేస్త్రీ సెండరు తీసేసి, అదే రంధ్రానికి గొట్టం మీటరు బిగించి చూస్తే గానీ ఇది బయటపడలేదు. ఇంజను బాగా వేడెక్కాక నిలకడలో పదిహేను, స్పీడులో యాభై. నిక్షేపంలా ఉంది. పాత అంకెల నుంచి వెనక్కి లెక్క కడితే, విప్పక ముందు కూడా రోడ్డు మీద నలభై దాకా ఉండేది. అంటే విప్పాల్సిన పనే లేదు.

ఆధారాలు మా కళ్ళముందే ఉన్నాయి. నూనె వేడెక్కితే పల్చబడి ఒత్తిడి తగ్గాలి, మా సూది పెరిగేది. ఇంజను ఆపి తాళం మాత్రం తిప్పితే సూది సున్నా దగ్గర ఉండాలి, మాది పైచివర కొట్టుకునేది. ఇద్దరం హేతువాదులం, ఒక్కరమూ అడగలేదు. రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినంత కాలం క్యాష్ బుక్కులో అంకె ఎంత ముద్దుగా ఉన్నా బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడందే సంతకం పెట్టినవాణ్ణి కాదు. ఇక్కడ మాత్రం ఒక్క సూదిని చూసి మిత్రుడి నాలుగు నెలల పెన్షను పాస్ చేసేశాను.

చరిత్రలో ఇంతకంటే విడ్డూరం ఇంకోటుంది. 1930లలో అమెరికాలో హడ్సన్ కంపెనీ మీటరు బదులు ఎర్ర దీపం పెట్టింది. అది నయమే, దీపం తనకి తెలిసినంతే చెబుతుంది. కానీ 1980ల చివర్లో కొన్ని ఫోర్డ్ కార్లలోనూ, 1990ల మధ్య నుంచి మాజ్డా ఎమ్ఎక్స్-5లోనూ చూడ్డానికి మీటరు, లోపల మాత్రం దీపపు స్విచ్చు! కాస్త ఒత్తిడి ఉంటే చాలు, సూది మధ్యలో వచ్చి కదలకుండా కూర్చుంటుంది. నిజమైన సూది పైకీ కిందకీ ఆడుతుంటే కొన్నవాళ్ళు కంగారు పడి ఫిర్యాదు చేశారట, అందుకని ఇలా చేశారని చెప్పుకుంటారు. అందరికీ "మీకు మంచి జరుగుతుంది" అని చెప్పే జ్యోతిష్యుడికీ ఈ సూదికీ తేడా ఏమిటి? చెడు కబురు చెప్పలేనిది మంచి కబురు చెప్పినా దానికి విలువ లేదు.

మరి పాత కార్లున్న మిత్రులు ఏం చెయ్యాలి? ఇంజను పూర్తిగా వేడెక్కాక, మాన్యువల్లో చెప్పిన వేగం దగ్గర, ఇంకో గొట్టం మీటరు అదే రంధ్రానికి బిగించి పోల్చాలి. చూడాల్సిన ఒత్తిడి ఆ మీటరు స్కేలు మధ్యలో పడేలా ఎంచుకోవాలి. సూదికి ఎదురుగా నిలబడి చదవాలి. ఎలక్ట్రిక్‌దైతే సెండరూ మీటరూ ఒకే జాతివో కాదో, ఎర్త్ సరిగా అందుతోందో లేదో చూడాలి. సెండరు మరల మీద దట్టంగా టేపు చుట్టినా ఎర్త్ అందక సూది తప్పు చెబుతుంది. ఆ రెండో మీటరు సంగతేమిటంటారా? దాన్నీ పరీక్షించవచ్చు. తెలిసిన బరువుని తెలిసిన వైశాల్యం మీద పెట్టి ఒత్తిడి పుట్టించే యంత్రాలు లాబొరేటరీల్లో ఉంటాయి. బరువుని వైశాల్యంతో భాగిస్తే ఒత్తిడి. అక్కడ ఎవరి మాటా నమ్మక్కర్లేదు, భాగహారం వస్తే చాలు.

పెట్రోలు బంకులో అనుమానం వస్తే అయిదు లీటర్ల కొలపాత్ర తెమ్మని అడిగే హక్కు మనకుంది. డాష్‌బోర్డుని ఎందుకు అడగం? జాతకాన్ని ఆధారం చూపించమన్న నోటితోనే సూదినీ అడగాలి. యంత్రం చెప్పింది కదా అని ఊరుకుంటే, మనం దేవుణ్ణి మార్చుకున్నామంతే.

మా మిత్రుడు ఇప్పటికీ నాతో స్నేహంగానే ఉన్నాడు. కాకపోతే నేనేదైనా గట్టిగా చెబితే "మాస్టర్ మీటరు పెట్టి చూశారా?" అంటాడు. సమాధానం చెప్పుకోలేక ఊరుకుంటాను.