చక్కెర టోపీ

మా బొబ్బిలిలో ‘రక్తంలో చక్కెర’ అంటే షుగర్ జబ్బే. ఇంకో అర్థం ఎవరికీ తట్టదు. కానీ రక్తంలో వేరే చక్కెరలూ ఉన్నాయి. ప్రోటీన్లకి కొమ్మల్లా అతుక్కుని ఉంటాయి. అలాంటి ప్రోటీన్లని గ్లైకోప్రోటీన్లు అంటారు. ఆ కొమ్మలు రక్తంలో ఏం చేస్తాయో 1960ల దాకా స్పష్టంగా తెలీదు.

తెలిసింది కూడా వేరే పని మీద ఉన్నప్పుడే. అమెరికాలో గిల్బర్ట్ యాష్‌వెల్, అనటోల్ మోరెల్ సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ మీద పనిచేస్తున్నారు. రక్తంలో రాగిని మోసేది అదే. అది ఒంట్లో ఎటు పోతుందో చూడాలంటే దానికి రేడియోధార్మిక గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టడానికి వీలైన చోటు గాలక్టోజ్. దాని మీద సయాలిక్ యాసిడ్ అనే ఇంకో చక్కెర టోపీలా కూర్చుని ఉంది. న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్‌తో ఆ టోపీ తీసేశారు.

తర్వాత కుందేళ్లకి ఎక్కించారు. మామూలు సెరులోప్లాస్మిన్ రోజుల తరబడి రక్తంలో తిరుగుతుంది. టోపీ తీసింది మాత్రం నిమిషాల్లో మాయమై లివర్‌లో తేలింది. ఇంకో ఎంజైమ్‌తో గాలక్టోజ్‌ని కూడా తీసేస్తే మళ్లీ రక్తంలో నిలబడింది! అంటే లివర్ పట్టుకుంటున్నది బయటపడ్డ గాలక్టోజ్‌ని. 1974లో, అలా పట్టుకునే రిసెప్టర్‌ని లివర్ నుంచి వేరుచేశారు. ఇప్పుడు దాన్ని వాళ్లిద్దరి పేరుతోనే పిలుస్తున్నారు.

నాకిది కుందేళ్ల కథగా అనిపించకపోవడానికి కారణం ఉద్దానం. మా ఉత్తరాంధ్రలో కిడ్నీ జబ్బు పేరెత్తితే ముందు గుర్తొచ్చేది ఆ ఊళ్లే. కిడ్నీలు చెడితే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ తగ్గి, రక్తం పట్టదు. దాన్ని ఇంజెక్షన్‌గా ఇవ్వాలి. అదీ గ్లైకోప్రోటీనే. టోపీలు తీసేస్తే గాజు గొట్టంలో చక్కగా పనిచేస్తుంది గానీ, ఒంట్లోకి వెళ్లగానే లివర్ లాగేసుకుంటుంది.

మరి టోపీలు పెంచితే? మామూలు ఎరిత్రోపొయిటిన్‌లో అవి 14 దాకా ఉంటాయి. 22 దాకా పట్టేలా మార్చి తయారుచేసిందే డార్బెపొయిటిన్. అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. 2010లో హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ తన సొంత డార్బెపొయిటిన్‌ని మన దేశంలో అమ్మకానికి తెచ్చింది. వారానికి మూడు సూదుల చోట ఒకటి సరిపోతుంది.

డయాలసిస్ దాకా రాని రోగికి ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి పోతాయి. ఎన్నిసార్లు వెళ్లాలో తేల్చేవాటిలో ఈ చక్కెర టోపీల లెక్క కూడా ఒకటి.