కల్ట్

"కల్ట్ బొమ్మ మామా!" పటాన్‌చెరు, సంగారెడ్డి థియేటర్ల ముందు ఇది పొగడ్తే. ఈ మాటకు మూలమైన లాటిన్ 'కోలెరె' అంటే సాగు చేయడం, ఆరాధించడం. (మన 'కొలుచు'కు చుట్టం కాదు, చప్పుడొక్కటే కలిసింది.) అగ్రికల్చర్‌దీ అదే వేరు. 1972లో పటాన్‌చెరులో వెలసిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జొన్న, కంది రకాలను 'కల్టివార్' అనడమూ అందుకే. 1978 నవంబరు 18న గయానాలోని జోన్స్‌టౌన్‌లో ఒక కల్ట్‌కు చెందిన 900 మందికి పైగా చనిపోయాక ఆ మాటంటేనే జనం జడిశారు.

మన దగ్గర కల్ట్‌లో చేరానని ఎవరూ అనరు. "గురువుగారి దగ్గరికి పోతున్న" అంటారు. షిఫ్టు బస్సులో కంపెనీ ఐడీ కార్డు వెనక ఆయన ఫొటో. వదిలేశాక మాత్రం "బయటపడ్డా" అంటారు, అప్పుల్లోంచి బయటపడ్డట్టే. అసలు కథంతా ఆ క్రియలోనే ఉంది. అలా బయటపడి వచ్చినవాళ్లను "ఎట్ల నమ్మినవ్?" అని దెప్పకండి, చెప్పేది వినండి.