అందాజ్ సే డాల్: ఉప్పు తారీఖ్‌లో రాయని మాట

మన ఇళ్లల్లో వంట నేర్చుకునే పిల్ల "నమక్ ఎంతెయ్యాలి అమ్మీ?" అని అడిగితే ఒకటే జవాబ్: "అందాజ్ సే డాల్." తెలుగువాళ్లందరూ వాడే 'అందాజు' కూడా ఈ ఫార్సీ మాటే. వినడానికి లెక్క రానివాళ్ల మాటలా ఉంటుంది. నా ఖయాల్‌లో మాత్రం అది లెక్క కంటే ఒక మెట్టు పైనే ఉంది. ఎలాగంటారా, కాస్త తారీఖ్‌లోకి వెళ్దాం.

అక్బర్ బాద్షా కొలువులోని అబుల్ ఫజల్ 1590ల్లో రాసిన ఆయినె అక్బరీలో షాహీ బావర్చీఖానా గురించి ఒక భాగం ఉంది. అందులో వంటలు మూడు రకాలు: గోష్త్ లేనివి, గోష్త్‌తో బియ్యం కలిసినవి, గోష్త్‌ని మసాలాతో వండినవి. ఒక్కోదానికీ దినుసులు తూకంతో సహా రాశాడు. యఖ్నీకి 10 సేర్ల గోష్త్, 1 సేరు ఉల్లిగడ్డ, అర సేరు ఉప్పు. 10 సేర్ల బియ్యంతో ఖుష్కా వండితే ఉప్పు అర సేరు. అదే 10 సేర్ల బియ్యానికి 5 సేర్ల కలకండ పడే జర్ద్ బిరింజ్‌లోనూ పావు సేరు ఉప్పుంది! మన ఖీర్ లాంటి షీర్ బిరింజ్‌లో 10 సేర్ల పాలకి ఒక దాం ఉప్పు. దాం అంటే ఇప్పటి లెక్కలో ఇరవై గ్రాముల చిల్లర. మీఠాలో చిటికెడు ఉప్పు పడితే తీపి ఇంకా నిలబడుతుందని మా నానీమాలు చెప్పే మాట అక్బర్ దస్తర్‌ఖాన్ మీద కూడా ఉందన్నమాట.

ఆ జాబితాల్లో మిరియాలు, అల్లం, లవంగాలు, దాల్చిన, జీలకర్ర, జాఫ్రాన్, ఇంగువ కనిపిస్తాయి. ఎర్ర మిరపకాయ మాత్రం లేదు. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. అప్పటికింకా షాహీ వంటింట్లోకి అడుగుపెట్టలేదు. 'మిర్చ్' అన్న మాట అసలు మిరియానిది. కొత్త కాయ వచ్చి పేరు లాక్కున్నాక, పాతది 'కాలీ మిర్చ్' అయి కూర్చుంది.

ఇంత రాసిన అబుల్ ఫజల్ ఒక్క సంగతి వదిలేశాడు. ఎంత వెయ్యాలో చెప్పాడు గానీ, ఎప్పుడు వెయ్యాలో చెప్పలేదు. చదువుతుంటే గోదాం పద్దులా ఉంటుంది.

జాయకా అంతా ఆ 'ఎప్పుడు'లోనే ఉంది. ఉల్లిగడ్డ వేగేటప్పుడే చిటికెడు ఉప్పేస్తే నీళ్లు వదిలి త్వరగా మెత్తబడుతుంది. గోష్త్‌కి ముందే ఉప్పు పట్టిస్తే లోపలిదాకా దిగుతుంది. చివర్లో వేస్తే షోర్వా ఉప్పగా, ముక్క చప్పగా మిగులుతాయి. బిర్యానీ బియ్యం ఉడికే నీళ్లు నాలుకకి బాగా ఉప్పగా తగలాలి, ఎందుకంటే ఆ నీళ్లు వంచేస్తాం. ఖట్టీ దాల్‌లో చింతపండు పులుసు పడ్డాకే ఉప్పు చూసుకోవాలి, పులుపు ఉప్పు లెక్కని మార్చేస్తుంది కాబట్టి. జీరా, ఎండుమిర్చి, కరివేపాకు ఖుష్బూ నూనెలోకి దిగుతుంది, అందుకే బఘార్. ఇవన్నీ కలిస్తేనే అందాజ్. అది గుడ్డి లెక్క కాదు. చెయ్యి, ముక్కు, నాలుక కలిసి ఏళ్ల తరబడి రాసుకున్న కితాబ్.

ఉప్పు గురించి తారీఖ్‌లో కావలసినంత రాత ఉంది. బాద్షా ఖర్చులో రాశారు. ఇంగ్రేజు సర్కారు పన్ను చట్టాల్లో రాసింది. 1930 మే నెలలో గాంధీ అరెస్టయ్యాక ఉప్పు సత్యాగ్రహాన్ని భుజాన వేసుకుని, 76 ఏళ్ల వయసులో జైలుకెళ్లిన అబ్బాస్ త్యాబ్జీ పేరూ ఉంది. ఉండాల్సిందే. కానీ ఆ ఉప్పుని రోజూ హండీలో వేసి ఇంటిల్లిపాదికీ జాయకా ఇచ్చిన ఆడవాళ్ల ఇల్మ్ ఏ పద్దులోనూ ఎక్కలేదు. 'నమక్ హలాల్' అని నౌకర్లని పొగిడాం. ఆ నమక్ వేసిన చేతిని అడగనేలేదు.

మీ అమ్మీలు, నానీమాలు ఉండగానే అడిగి రాసుకోండి. ఎన్ని చెంచాలని అడక్కండి. పక్కన నిలబడి, ఉప్పు ఎప్పుడు వేశారో, వేసేముందు ఏం చూశారో, ఏ వాసన కోసం ఆగారో రాయండి. పైన వాళ్ల పేరు రాయడం మర్చిపోకండి.